ఏ వరసన రాను?

అనకాపల్లి,
ఆగస్టు 11.

సుమా,

ఫోను చేస్తే సరిపోయేది గానీ, ఫోనులో మనిద్దరికీ ఒక జబ్బుంది. ఎక్కడో ఒకచోట మా తమ్ముడు శ్రీను పేరు వస్తుంది, ఇద్దరం ఒకేసారి ఆగుతాం, తర్వాత ఇద్దరం ఒకేసారి "మీ వైపు వర్షాలెలా ఉన్నాయి" అంటాం. మీ విడాకులు మంజూరై ఏడాది కావస్తున్నా ఆ వర్షం తెరిపివ్వలేదు. అందుకని ఉత్తరం. కాగితం మీదైతే నేను ఎక్కడ ఆగానో నీకు కనిపించదు.

బదిలీ మీద ఇక్కడికి వచ్చి రెండు నెలలైంది. కాలేజీకి నడిచి వెళ్ళేంత దూరంలో, మూడో అంతస్తులో ఫ్లాటు. లిఫ్టు లేదు. లేదు కాబట్టే నాకు అందే అద్దెలో రెండు పడకగదులు వచ్చాయి. "ఒక్కరికి రెండు గదులెందుకండి?" అని ఓనరు అడిగాడు. పుస్తకాలకన్నాను. నా పుస్తకాలన్నీ మంచం కింద పట్టేస్తాయని నీకు తెలుసు, ఆయనకి తెలియదు.

గోడకి మేకు కొట్టకూడదని ఆయన షరతు. అందువల్ల మా ఇంట్లో అన్నీ గోడకి చేరబడి ఉంటాయి, అద్దం, బొమ్మలు, నాతో సహా. తక్కువ ఖర్చులో ఇల్లు అందంగా సర్దుకోవడం ఎలాగో ఒకమ్మాయి ఫోనులో వీడియోలు పెడుతుంది. గోనెగుడ్డతో కిటికీ తెరలు కుట్టి చూపించింది. గోనెలకి ఈ ఊళ్ళో కరువేముంది? బెల్లం మార్కెట్టులో వాడేసినవి తెచ్చి, మూడు నీళ్ళలో ఉతికి, అంచుకి ఎర్ర చీర పేలిక కుట్టించి వేలాడదీశాను. సాయంత్రం ఎండ వాటిలోంచి పడితే గది తేనె రంగులోకి తిరుగుతుంది. బాగుందనే అనుకుంటున్నాను. ఒక్కోసారి గోదాములో కూర్చున్నట్టు కూడా ఉంటుంది.

పొద్దున్న సందు చివర అప్పలకొండమ్మ బండి దగ్గర పూరీ, బొంబాయి చట్నీ. చట్నీ మళ్ళీ కావాలా అని ఆవిడ అడగదు, పోసేస్తుంది. వద్దంటే, "తినండి మేడంగారూ, పాఠం సెప్పడానికి గొంతు రావద్దా?" అంటుంది. ఎకనామిక్సుకి గొంతెందుకని నేను ఇంకా ఆవిడతో వాదించలేదు.

రెండో గది ఖాళీగానే ఉంది. దానికి లేత ఆకుపచ్చ బాగుంటుందా, పసుపు బాగుంటుందా? రంగుల విషయం నాకంటే నీకు బాగా తెలుసు కాబట్టి అడుగుతున్నాను, ఇంకేం కాదు. సబ్బవరం జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ పోస్టుకి అప్లై చేశానన్నావు కదా. సబ్బవరం ఇక్కడికి బస్సులో ముప్పావుగంట ఉంటుంది. సమాచారం కోసం రాశాను.

పావని


కాకినాడ,
ఆగస్టు 20.

వదినా,

ఈ మాట రాసి పెన్ను పక్కన పెట్టాను. రాయొచ్చా? అనుమానం వచ్చి కోర్టు కాగితం తీసి మళ్ళీ చదివాను. మీ తమ్ముడు ఇకమీదట నాకు భర్త కాడని అందులో ఉంది. మీరు నాకు వదిన కాదని ఎక్కడా లేదు. జడ్జిగారు మర్చిపోయారో, అది ఆయన పరిధిలోకి రాదో తెలియదు. ఎవరైనా అప్పీలుకి వెళ్ళేదాకా నేను వదినా అనే రాస్తాను.

మీ ఉత్తరం హాస్టల్లో నా గదిలో ఉండే హాసినికి చదివి వినిపించాను. గోనెల మధ్య తేనె రంగులో కూర్చున్న ఎకనామిక్స్ లెక్చరర్ని ఊహించుకుని, "ఆవిడ క్వింటాలు ఎంత పలుకుతారక్కా?" అంది. మీ ధర నాకు తెలియదన్నాను.

నాలుగు పేజీలు రాశారు. అందులో తెరలకి ఒక పేజీ, పూరీకి అర పేజీ. రెండో గదికి రంగు అడిగారు గానీ అందులో ఉండబోయేది ఎవరో చెప్పలేదు. రంగు మనిషిని బట్టి ఉంటుంది వదినా. పుస్తకాలకైతే చెదపురుగు స్పష్టంగా కనిపించే రంగేదో వేయించండి. మనిషికైతే, ఆ మనిషిని పేరు పెట్టి అడగండి. మీరు చిన్నప్పుడు కూడా ఇలాగే పక్కింటివాళ్ళ జామచెట్టు గురించి రెండు గంటలు మాట్లాడి, జామకాయ అడక్కుండా ఇంటికి వచ్చేసేవారని మీ అమ్మగారు చెప్పేవారు.

ఇక్కడ మా హాస్టలు సాంబారులో నిన్న ములక్కాడ వేశారు. కెమిస్ట్రీ చదివినదాన్ని కాబట్టి ఆనవాలు పట్టగలిగాను. మీరు పూరీ గురించి అంత విపులంగా రాయడం మానవత్వం కాదు.

సబ్బవరం వాళ్ళు అక్టోబరులో ఇంటర్వ్యూకి పిలుస్తారట. ఇది కూడా సమాచారం కోసమే.

సుమ


అనకాపల్లి,
సెప్టెంబరు 24.

సుమా,

అప్పీలుకి ఎవరూ వెళ్ళరు. వదినా అనే రాయి.

తెరల సంగతి చెబుతాను, నవ్వడం అయ్యాక మిగతాది చదువు. వానలు ముదిరేసరికి గోనెలు చెమర్చడం మొదలుపెట్టాయి. ఒకరోజు పొద్దున్న లేచి చూస్తే బాల్కనీ గడప నుంచి కిటికీ పైదాకా చీమలబారు. పెళ్ళి పందిట్లోకి వెళ్తున్నట్టు, తొందర లేకుండా, ఎదురొచ్చినవాళ్ళని పలకరించుకుంటూ. పాపం దారి తప్పాయేమో అనుకున్నాను.

మొదటి అంతస్తులో పద్మకుమారి గారని ఉంటారు. వాళ్ళది బెల్లం వ్యాపారం. చీమలు వాళ్ళింటి మీదుగానే వచ్చాయట, వాటి వెనకాలే ఆవిడా పైకి వచ్చారు. గుమ్మంలో నిలబడి కిటికీకేసి చాలాసేపు చూశారు.

"ఏటండీ మేడంగారూ, కిటికీలకి గోనెలు కట్టేరేటి?"

"డెకరేషనండి."

"ఉతికేరా?"

"మూడుసార్లు."

"బెల్లం గోనెని భీమిలి సముద్రంలో ముంచి తీసినా అది బెల్లం గోనేనండి. మా ఆయన సొక్కాలు ఇన్నేళ్ళుగా ఉతుకుతున్నాను, నాకు తెల్దా?"

గోనెలు ఆవిడే మడిచి పట్టుకుపోయారు. వాటి బదులు నా పాత నేతచీరలు రెండు సగానికి కోసి కట్టాను. అలా కోయవచ్చా అని ఒక రాత్రంతా ఆలోచించి, తెల్లారాక కోశాను.

మొన్న ఆదివారం స్టాఫుతో ఏటికొప్పాక వెళ్ళాను. లక్క పూత కొంచెం చెదిరిన బొమ్మలు విడిగా బుట్టలో పోసి చవగ్గా ఇచ్చేస్తున్నారు. గుండ్రటి పిడులు కొన్ని తెచ్చి ఒక చెక్కకి బిగింపించాను. బట్టలు తగిలించుకోవచ్చు. గోడకి కొట్టడానికి లేదు కదా, గోడకి చేరేశాను. ఒక మనిషి బట్టలకి సరిపోతుంది. రెండో గదిలో పెట్టాను. ఆ గదికి పసుపు వేయించాను, మరీ పెళ్ళి పసుపు కాదు, పాలలో కలిపిన పసుపు.

ఆ గది ఎవరికండీ అని పద్మకుమారి గారు అడిగారు. ఏదో చెప్పాను.

నీ ఇంటర్వ్యూ రోజున నాకు పరీక్షల డ్యూటీ పడింది, నర్సీపట్నంలో. తాళం కిందింట్లో ఇచ్చి వెళ్తాను. రాత్రి ఆ గదిలోనే పడుకో. దుప్పటి కొత్తది.

పావని


కాకినాడ,
అక్టోబరు 19.

వదినా,

ముందు మంచి వార్త. ఉద్యోగం వచ్చింది. డిసెంబరు ఒకటిన చేరాలి.

ఇక మీ ఊరి సంగతి. తాళం అడగడానికి వెళ్తే పద్మకుమారి గారు తాళం ఇవ్వలేదు, కూర్చోబెట్టి విస్తరి వేశారు. ఆనపకాయ పులుసు, నువ్వుపిండి జల్లిన వంకాయ, ఆ పైన పాకం గారెలు. రెండో గారె నోట్లో ఉండగా ఆవిడ నా మొహంలోకి పరీక్షగా చూశారు.

"మేడంగారి సెల్లెలంటే మీరేనన్నమాట. ముక్కు అచ్చం అక్కదే."

గారె అక్కడే ఆగిపోయింది.

"మొన్నామధ్య మీ అన్నయ్యగారు కూడా వచ్చేరు, టేబులు ఫ్యాను పట్టుకుని. సాయిశ్రీనివాస్ గారు. నెమ్మదైన మనిషి. మీకు సొంత అన్నయ్యే కదండీ?"

"అవునండి."

"సిన్నప్పుడు ఇద్దరూ బాగా కొట్టుకునేవోరా?"

"పెద్దయ్యాక కూడానండి."

ఆవిడ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఏడేళ్ళు కాపురం చేసిన మనిషిని, పాకం గారె మీద ప్రమాణం చేసినట్టు, అన్నయ్యని చేసి వచ్చాను వదినా. కాకినాడ బస్సులో కూడా తలుచుకుని నవ్వుకున్నాను. తుని దాటాక నవ్వు అయిపోయింది.

నన్ను చెల్లెలన్నారని రాయలేదు. ఆయన వచ్చారని రాయలేదు. చీమల గురించి మాత్రం ఒక్కొక్క చీమనీ పరిచయం చేశారు.

విడాకులు తీసుకున్నానని చెప్పడానికి నేను సిగ్గుపడటం లేదు. సిగ్గుపడటం మానడానికి ఏడాది పట్టింది. ఈ హాస్టల్లో వార్డెను దగ్గర మొదలుపెట్టి హాసిని దాకా అందరికీ ఆ మాట నా నోటితో నేనే చెప్పుకున్నాను. ఇప్పుడు మీ ఇంట్లో ఉండటం కోసం మళ్ళీ దాచుకోవడం నేర్చుకోలేను. రేపు ఆయన మళ్ళీ ఏదైనా పట్టుకొస్తే ఏం చెయ్యను, రాఖీ కట్టనా?

గది బాగుంది. ఈ ముక్క రాయకూడదనుకున్నాను. ఆ పసుపు గోడకేసి చూస్తూ పడుకుంటే చాలాకాలం తర్వాత మధ్యలో మెలకువ రాకుండా నిద్ర పట్టింది. అయినా చెల్లెలిగా అయితే నేను రాను. సబ్బవరంలో కాలేజీ వెనక ఒక గది చూసి వచ్చాను.

ఏ వరసన రమ్మంటారో చెప్పండి. అప్పుడు ఆలోచిస్తాను.

సుమ


అనకాపల్లి,
నవంబరు 3.

సుమా,

నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది ఐదోది, బాగా లేకపోయినా పంపేస్తాను.

స్నేహితురాలు అనవచ్చు. "ఏ కాలేజీలో సదువుకున్నారండీ కలిసి?" అని ఆవిడ అడుగుతారు, అక్కడ ఇంకో అబద్ధం కావాలి. బంధువు అనవచ్చు. అది ఆసుపత్రి ఫారంలో మాట, దానికి ముక్కూ మొహం ఉండవు. మాజీ మరదలు అని కూడా రాసి చూశాను. మాజీ మంత్రిలా ఉంది, నీ బండి మీద ఎర్రలైటు ఎవరో పీకేసినట్టు.

అసలు ఆ రోజు మరదలు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మరదలు అనగానే "మరి తమ్ముడేడండీ?" అంటారు. అక్కడ భయపడ్డాను. నలుగురి నోళ్ళలో నువ్వు పడకూడదని భయపడ్డాననే అనుకున్నాను. నీ ఉత్తరం చదివాక, నేను పడకూడదనేమో అని అనుమానం వచ్చింది. పెళ్ళి చేసుకోని మేడం, తమ్ముడి కాపురం చెడగొట్టి మరదల్ని తెచ్చి పెట్టుకుందని మెట్ల మీద ఎవరో అనుకుంటున్నట్టు నేనే ఊహించుకుని, నేనే బెదిరాను. ఇప్పుడు ఈ అనుమానం మీద కూడా పూర్తిగా నమ్మకం లేదు.

శ్రీను వచ్చినప్పుడు పసుపు గది చూసి "ఇదెవరికక్కా?" అన్నాడు. చుట్టాలెవరైనా వస్తే ఉంటుందని అన్నాను. ఒకే గదికి ఇద్దరి దగ్గర రెండు అబద్ధాలు. ఈ ఇంట్లో డబ్బు పెట్టకుండా సర్దినవి ఆ రెండే అనుకున్నాను. అవే ఖరీదు పడుతున్నాయి.

నన్నేం చెయ్యమంటావు?

పావని


కాకినాడ,
నవంబరు 12.

వదినా,

నన్నడిగితే ఏం లాభం? నా వైపు వరస నేను ఆగస్టులోనే తేల్చుకున్నాను. మీ వైపుది మీరు తేల్చుకోవాలి. దానికి నేను చిట్టీలు అందించను, మీరు ఇన్విజిలేషన్ చేసే మనిషి.

సబ్బవరం గది ఓనరు నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. ఆదివారం ముప్పయ్యో తారీకున వెళ్ళి దిగిపోవాలి. ఆ గదికి కిటికీ ఉంది. తెరిస్తే పక్కింటి గోడకి వీపు గోక్కోవచ్చు. నీళ్ళు రోజు విడిచి రోజు. అన్నీ తెలిసే ఒప్పుకుంటున్నాను, కాబట్టి నామీద జాలిపడి ఉత్తరం రాయకండి. జాలిపడితే మీరు మళ్ళీ చెల్లెలంటారు.

ఒక్కటి మాత్రం నిజం. ఇంటర్వ్యూకి వచ్చినప్పుడు తిన్న అప్పలకొండమ్మ పూరీని వదులుకోవడం మీ తమ్ముణ్ణి వదులుకోవడం కంటే కష్టంగా ఉంది. ఈ సంగతి హాసినికి కూడా చెప్పలేదు.

సుమ


అనకాపల్లి,
నవంబరు 23.

సుమా,

ముందు శ్రీనుకి ఫోను చేశాను. కాలేజీలో స్టాఫు రూము ఖాళీ అయ్యేదాకా ఆగి చేశాను. ఆ గది సుమకిరా అన్నాను. వర్షాల గురించి అడుగుతాడేమో అనుకున్నాను. "నీ ఇష్టం అక్కా. ఇకనించి వచ్చేముందు ఫోన్ చేసి వస్తాను" అన్నాడు. అందులో కోపం ఎంతో, ఊరట ఎంతో నాకు అంతుపట్టలేదు. నువ్వైతే విని చెప్పగలవు. ఆ విద్య మీ ఏడేళ్ళలో నీకు వచ్చింది, నాకు నలభయ్యేళ్ళయినా రాలేదు.

తర్వాత కిందికి వెళ్ళాను. పద్మకుమారి గారు చింతపండు పిక్కలు తీస్తున్నారు. నిలబడే చెప్పేశాను, కూర్చుంటే చెప్పలేనని.

"సుమశ్రీ నా చెల్లెలు కాదండి. మా తమ్ముడి భార్య. విడాకులయ్యాయి."

ఆవిడ చెయ్యి ఆగింది. విడాకుల గురించి అడుగుతారని గుండె గట్టి చేసుకున్నాను. ఆవిడ బాధ వేరే.

"అయితే ఆ పిల్లని నా ఇంట్లో విస్తరి ముందు కూకోబెట్టి, మొగుణ్ణి అన్నయ్యని నాసేత అనిపించేరన్నమాట."

"తప్పేనండి."

"నాను కొట్టుకునేవోరా అని కూడా అడిగేను."

"రాసిందండి."

"ఏటనుకుందో నా గురించి." పిక్క ఒకటి తీసి పళ్ళెంలోకి గట్టిగా పడేశారు. "తమ్ముడు కాదనుకున్నాక మీకింకా మరదలేటండి?"

సుమా, ఈ ప్రశ్నకి నేను ఇంతకుముందు జవాబు తయారు చేసుకోలేదు. తయారు చేసుకుని ఉంటే అందులో నాలుగు 'అయినా'లు, రెండు 'ఒకవేళ'లు ఉండేవి. నోట్లోంచి వచ్చింది రాస్తున్నాను.

"విడాకుల కాగితం మీద వాళ్ళిద్దరి సంతకాలే ఉన్నాయండి. నాది లేదు."

ఆవిడ నాకేసి చూశారు. నవ్వలేదు, మెచ్చుకోలేదు. కోపం అలాగే ఉంది. చేతికి అంటిన చింతపండు పైట చెంగుకి తుడుచుకుని, "పిలిచేరా?" అన్నారు.

"ఉత్తరాలు రాస్తున్నానండి."

"సెల్లెలైతే కబురెడితే వత్తాది. మరదలంటే ఎల్లి బొట్టెట్టి పిలవాలి. అంత సదువుకున్నారు, ఇది కూడా నానే సెప్పాలేటండి?"

ఆగస్టు నుంచి నీకు రంగుల గురించీ దుప్పటి గురించీ రాశాను గానీ, రా అని ఒక్కసారి కూడా రాయలేదని మెట్లెక్కుతుంటే తెలిసింది. నువ్వు రానంటే ఆ మాట నా దగ్గర ఉండిపోతుంది కదా, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

ముప్పయ్యో తారీకు పొద్దున్న రైలుకి వస్తున్నాను. సబ్బవరం గదికి డబ్బు కట్టకు. కట్టేసి ఉంటే కూడా నేను వస్తున్నాను. నా ఇంటికి రా సుమా. మరదలిగా రా.

పావని


అనకాపల్లి,
డిసెంబరు 1.

వదినా,

మీరు నా టిఫిను కోసమని అప్పలకొండమ్మ దగ్గరికి వెళ్ళారు, నాకేమో సబ్బవరం బస్సు వేళవుతోంది. ఫోను చెయ్యొచ్చు. కానీ నిన్నటి సంగతి మొహం చూసీ చెప్పలేను, ఫోనులోనూ చెప్పలేను. స్టవ్వు పక్కన ఈ కాగితం పెట్టి వెళ్తున్నాను.

నిన్న హాస్టలు వరండాలో వార్డెను, హాసిని, ఇంకో పదిమంది చూస్తుండగా మీరు కుంకుమ పొట్లం విప్పారు. బొట్టు పెట్టాక అద్దంలో చూసుకుంటే అది ఎడమ కనుబొమ్మ మీద ఉంది. నేను చూడనట్టే పెట్టె సర్దుకున్నాను. హాసిని మాత్రం "గురి చూసి పెట్టించుకోవాల్సింది అక్కా" అంది. దాన్ని తుడవకుండానే రైలెక్కాను.

ఇందాక నీళ్ళ బిందె పట్టుకోవడానికి కిందికి వెళ్తే పద్మకుమారి గారు, రెండో అంతస్తు ఆవిడా మెట్ల మీద ఉన్నారు. రెండో అంతస్తు ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఎవరండీ?" అన్నారు. నేను రాత్రంతా జవాబు కూడగట్టుకుని ఉన్నాను. గొంతు సవరించుకునేలోగా పద్మకుమారి గారు అందుకున్నారు.

"మూడో అంతస్తు మేడంగారి మరదలు. తమ్ముడితో ఉండదు, మేడంగారితో ఉంటాది. సబ్బవరంలో ఉద్యోగం."

రెండో అంతస్తు ఆవిడ ఇంకో అడుగు దగ్గరికి వచ్చారు. ఇప్పుడు అడుగుతుంది చూడు అని నేను మెట్టు మీద కాలు గట్టిగా ఊని నిలబడ్డాను.

"సబ్బవరమా? అక్కడ వంకాయలు బాగుంటాయండి. సాయంత్రం వచ్చేటప్పుడు ఓ కేజీ తెత్తారా?"

తెస్తానన్నాను. మనకీ ఒక కేజీ తెస్తాను. నూనె తక్కువ పొయ్యకండి.

మీ మరదలు,
సుమ